రాణిగారి గౌను

తలుపుకి ఇవతల తల్లి. ప్రమాదాల్లో చితికిపోయి వచ్చినవాళ్ళని కోసి, కుట్టి, బతికించే సర్జను. అవతల పద్నాలుగేళ్ళ కూతురు. శుక్రవారం సాయంత్రం స్కూలు నాటకంలో రాణి వేషం వేసింది, అప్పటి నుంచీ గదిలోంచి బయటికి రావడం లేదు. ఇవాళ ఆదివారం. పక్కనే కుర్చీ వేసుకుని నానమ్మ, ఎవరూ అడక్కపోయినా మాట్లాడుతుంది. ఇంతకంటే నేను చెప్పేదేమీ లేదు, మిగతాదంతా వాళ్ళే అరుచుకున్నారు.

"తియ్యనన్నానా? తియ్యను."

"తియ్యకపోతే మానెయ్. ప్లేటు గుమ్మం దగ్గర పెట్టాను, చల్లారిపోతోంది."

"ఆకలి లేదు."

"నిన్నా లేదన్నావు. పొద్దున్న చూస్తే బిస్కెట్ల డబ్బా ఖాళీ."

"డబ్బా కూడా తనిఖీ చేస్తున్నావా? నా కడుపు కోసి చూడు, ఎన్నున్నాయో. నీకలవాటేగా."

"మాటలు జాగ్రత్త."

"నువ్వు జాగ్రత్త. కత్తెర నీ దగ్గరుంది."

"అమ్మాయ్, నువ్వా తలుపు దగ్గర నిలబడి ఏం లాభం లేదు. నన్ను మాట్లాడనీ."

"అత్తయ్యా, మీరు కాసేపు కూర్చోండి."

"కూర్చునే ఉన్నాను. కూర్చునే కుట్టాను ఆ గౌను. అంచుకి జరీ చేత్తో కుట్టాను, మిషను మీద కాదు. కళ్ళు లాగేస్తున్నా మానలేదు. మెడ నుంచి అంచు దాకా ఒక్కటే కోత! అదిప్పుడు గౌను కాదు, కిటికీకి రెండు తెరలు."

"కొత్తది కుట్టిస్తానన్నాను కదా."

"నాటకం అయిపోయాక రాణికి గౌనెందుకమ్మా?"

"నాటకం అయిపోలేదు నానమ్మా. ఆవిడ ఆపేసింది. నువ్వే చెప్పు, నిద్రపోయింది కదా? మొదటి సీన్లోనే?"

"పోయింది. నేను మోచేత్తో పొడిచాను కూడా."

"ముందు రోజు నుంచీ డ్యూటీలోనే ఉన్నాను. బస్సు బోల్తా పడింది. ఇంటికి కూడా రాకుండా తిన్నగా నీ స్కూలుకే వచ్చాను."

"ఎప్పుడూ ఏదో ఒకటి బోల్తా పడుతుంది నీకు. నా పుట్టినరోజుకి లారీ. పరీక్షలప్పుడు గోడ కూలింది."

"గోడ నేను కూల్చానా?"

"నిద్రపోతే పోయావు, పక్కావిడ గురక కూడా పెట్టింది, ఎవరూ ఏమీ అనలేదు. నువ్వు లేచి స్టేజీ ఎక్కావు చూడు, అదీ గొడవ."

"లేచేసరికి నువ్వు కింద పడున్నావు. గౌనంతా ఎరుపు."

"రంగునీళ్ళు! బుధవారం మనింట్లోనే కలిపాం, వంటింట్లో, నీ కళ్ళ ముందే!"

"నేను చూశానా?"

"చూశావు. 'గట్టు మీద మరకలు పడతాయి, తుడవండి' అని కూడా అన్నావు. నువ్వు మరకలు చూశావు, నన్ను చూళ్ళేదు."

"సరే. తప్పే. ఎన్నిసార్లు చెప్పను?"

"నువ్వొక్కసారి కూడా చెప్పలేదు. 'గౌను కుట్టిస్తాను' అన్నావు. అది వేరు. చచ్చిపోవడం ఎంత ప్రాక్టీసు చేశానో నీకు తెలుసా? రాణి చచ్చిపోతూ ఒక మాట చెప్పాలి. నాటకమంతా ఆ మాట మీదే ఉంది. చెప్పనిచ్చావా? దవడ పట్టి నోరు తెరిచి లోపలికి చూశావు!"

"ఏమైనా అడ్డం పడిందేమోనని."

"డైలాగు అడ్డం పడింది! ప్రిన్సిపాల్ మేడమ్‌ని ఏమన్నావో గుర్తుందా? 'ఏయ్, నువ్వే, ఆ లైటు ఇటు తిప్పు' అన్నావు."

"తిప్పింది కదా."

"తిప్పింది! ఆవిడ ఎవ్వరి మాటా వినదు, నీ మాట వింది. ఎవరో తీసిన వీడియోలో లైటు పట్టుకుని గజగజా వణుకుతోంది. ఇంక సేనాపతిని ఏమడిగావు?"

"సేనాపతెవరు?"

"నన్ను పొడిచినవాడు! వాడి కాలరు పట్టుకుని 'కత్తి ఎంత పొడుగు? లోపలికి ఎంత దిగింది? తిప్పావా, తిన్నగా పొడిచావా?' అని. వాడేమన్నాడు?"

"గుర్తులేదు."

"'అట్టముక్కే, ఆంటీ' అన్నాడు, ఏడుస్తూ. సేనాపతి ఏడ్చాడమ్మా! ఇప్పుడు వాణ్ణి అందరూ అట్టముక్క అంటున్నారు. నన్నేమంటున్నారో తెలుసా?"

"ఏమంటున్నారు?"

"చెప్పను."

"పీటీ రాణి అంటున్నారట అమ్మాయ్. గౌను కింద స్కూలు పీటీ ప్యాంటు, టీషర్టు వేసుకుంది కదా, అవి బయటపడ్డాయని."

"నానమ్మా!"

"నీ ఫ్రెండే ఫోన్లో చెప్పింది. నేనడగలేదు."

"చూడు, ఇటు విను. నువ్వు కాసేపు అరవడం ఆపితే ఒకటి చెప్తాను. ఇంకెప్పుడూ ఇలాంటిది జరగదు. మానేశాను."

"ఏం మానేశావు? కత్తెర బ్యాగులో పెట్టుకోవడమా?"

"పని. పనే మానేశాను. పొద్దున్నే ఆస్పత్రి పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పేశాను. వినపడిందా?"

"వినపడింది. ఎవరడిగారు నిన్ను?"

"నువ్వే కదా! చిన్నప్పట్నించీ నా కాళ్ళు పట్టుకుని వేలాడేదానివి, వెళ్ళొద్దు వెళ్ళొద్దని."

"చిన్నప్పుడు! అప్పుడు మానావా? నా చేతులు ఒక్కొక్కటే విడిపించుకుని వెళ్ళిపోయేదానివి. నేనడగడం మానేశాక నువ్వు పని మానేస్తావా? ఎందుకూ, జాలి పడడానికా?"

"అమ్మాయ్, నిజమేనా? మరి ఇంట్లోనే ఉంటావా? రోజంతా?"

"ఏం అత్తయ్యా, మీకేమైనా ఇబ్బందా?"

"ఇబ్బందని కాదు. వంటింట్లో ఇద్దరం పట్టాలి కదా. నువ్వు ఉల్లిపాయ తరిగితే చుట్టూ నలుగురు నిలబడాలి, ఒకళ్ళు నీ నుదురు తుడవాలి."

"మీ అబ్బాయెక్కడ? ఈ ఇంట్లో గొడవ మొదలైతే చాలు, మాయమైపోతాడు."

"కూరగాయలకని వెళ్ళాడు. ఇంకా మొలకెత్తలేదు కాబోలు."

"నాన్న సంగతి తర్వాత. అమ్మా, ఒకటడుగుతాను, తిన్నగా చెప్పు. ఆ పనంటే నీకిష్టమేనా?"

"ఇదేం ప్రశ్న?"

"ఇష్టమా, కాదా?"

"ఇష్టం లేకపోతే ఇన్నేళ్ళు చేస్తానా?"

"నానమ్మ ఇన్నేళ్ళూ నీతో ఉంది."

"ఏమే! మధ్యలో నన్నెందుకు లాగుతావు?"

"మొదట్లో ఇష్టమే. చాలా ఇష్టం. పరిగెత్తుకుంటూ వెళ్ళేదాన్ని."

"తర్వాత?"

"తర్వాత అలవాటైంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నేను వెళ్ళకపోతే ఎవడో ఒకడు బల్ల మీద పోతాడు. అంతే. ఇష్టమా కాదా అని నన్నెవరడిగారు? ఆ, ఒకసారి అడిగారులే. ఆస్పత్రివాళ్ళు ఒకమ్మాయిని పంపించారు. 'ఉద్యోగం తృప్తిగా ఉందా మేడమ్? అయిదుకి ఎంత వేస్తారు?' అంది."

"ఎంత వేశావు?"

"తర్వాత రమ్మన్నాను, లోపల కేసుందని. మళ్ళీ వెళ్ళి అడిగితే ఆ అమ్మాయే ఉద్యోగం మానేసిందన్నారు."

"నవ్వించకు. నాకు కోపంగా ఉంది."

"ఉండు. కోపంగానే ఉండు, కానీ తిని ఉండు."

"తిండి, నిద్ర, ఊపిరి. ఇంకేం పట్టవు నీకు. లెక్కల్లో తప్పుతానేమోనని నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే 'ఊపిరి బాగానే ఆడుతోందిగా' అన్నావు."

"ధైర్యం చెప్పాను."

"దాన్ని ధైర్యం చెప్పడం అనరమ్మా."

ఫోన్ మోగింది.

"ఎవరు?"

"పెద్దాయన. ఆస్పత్రిలో మా పై సర్జన్ గారు. నేను అవతలికెళ్ళి మాట్లాడతాను."

"వద్దు. ఇక్కడే మాట్లాడు. స్పీకరు పెట్టు."

"ఎందుకే?"

"నా వంక పెట్టి మానేస్తున్నావు కదా, నేను వినాలి. పెట్టకపోతే ఈ జన్మలో తలుపు తియ్యను."

"మొండిఘటం. పెట్టాను. హలో సర్."

"లేచావా? నిద్రపోతే బుర్ర చల్లబడి ఉంటుందని చేశాను."

"చల్లగానే ఉంది సర్. మాట మారదు."

"మారకపోతే ఎలాగమ్మా? ఇప్పటికే ఇద్దరు మానేసి పోయారు. ఒకడు పైత్యపు తిత్తిలో రాళ్ళు తీసుకుంటూ కూర్చున్నాడు, పొద్దున్న వెళ్తాడు, సాయంత్రానికి ఇంటికి. ఇంకొకావిడ పాఠాలు చెప్పుకుంటోంది. వాళ్ళేదో సుఖపడుతున్నారనుకుంటున్నావా?"

"పడుతున్నారు సర్. రాళ్ళాయన మొన్న కనిపించాడు. లావెక్కాడు. నవ్వాడు కూడా."

"నవ్వితే సుఖమేనా? వాడు రోజూ నాకు ఫోన్ చేసి 'ఇవాళ ఏం కేసులొచ్చాయి సర్' అని అడుగుతాడు, తెలుసా?"

"అయితే ఆయన్నే వెనక్కి పిలుచుకోండి."

"పిలిచాను. వాళ్ళావిడ ఫోన్ లాక్కుని నన్ను నానా మాటలూ అంది."

"బాగా చేసింది."

"సరే, నీకేం కావాలో చెప్పు. రాత్రి డ్యూటీలు సగానికి తగ్గిస్తాను. ఆదివారాలు నీవి. ఇంకో మనిషిని వేయిస్తాను."

"ఇవన్నీ నేను ఎప్పుడో అడిగాను సర్. 'మనమేమన్నా గుమాస్తాలమా, గంట కొట్టగానే లేచిపోవడానికి' అన్నారు."

"అన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"నేను పోతున్నానని తీసుకుంటున్నారు. నేనున్నప్పుడు తీసుకోలేదు."

"కోపం మీదున్నావు."

"ఉన్నాను. ఎందుకుండకూడదు? 'నీ చేతులు బంగారం' అని ఒక్క మాట అనేవారు, మేము పొంగిపోయి ఇంకో రాత్రి నిలబడేవాళ్ళం. ఇంకో రాత్రి, ఇంకో రాత్రి. మాకు ఇళ్ళున్నాయని మేమూ మర్చిపోయాం, మీరూ గుర్తుచెయ్యలేదు."

"బంగారమే కదమ్మా! అబద్ధం చెప్పానా?"

"బంగారమైతే దాచుకుంటారు సర్. అరగదీయరు."

"నువ్విలా మాట్లాడతావనుకోలేదు. నీకు పని నేర్పింది నేను."

"నేర్పారు. పని ఒక్కటే నేర్పారు."

"పిల్ల కోసం మానేస్తున్నానన్నావు. ఆ పిల్ల రేపు పెద్దదై తన దారిన తను పోతుంది. అప్పుడేం చేస్తావు?"

"అంకుల్! నా కోసం మానేస్తున్నానని చెప్పిందా మీతో?"

"ఎవరదీ?"

"పిల్ల."

"ఓహో, నువ్వా తల్లీ! బాగున్నావా?"

"బాలేను. మానెయ్యమని నేననలేదు. నన్ను అడ్డం పెట్టుకోవద్దని చెప్పండి ఆవిడకి."

"చూశావా? పిల్లకే లేని బాధ నీకెందుకమ్మా? గౌను కోస్తే ఏమైంది? మనవాళ్ళలో ఎవడు కొయ్యలేదు? నేను మా వియ్యంకుడి కోటు కోశాను! పెళ్ళి విందులో ఆయన కళ్ళు తిరిగి పడితే, కోటూ చొక్కా బనీనూ అన్నీ కలిపి ఒకే కోత. వియ్యపురాలు ఆ కోటు ఇప్పటికీ దాచింది, నేను వెళ్ళినప్పుడల్లా తెచ్చి చూపిస్తుంది. వియ్యం చెడిందా? చెడలేదు."

"మీరు వియ్యంకుడి ప్రాణం కోసం కోశారు సర్."

"నువ్వు కూతురి ప్రాణం కోసం కోశావు. తేడా ఏముంది?"

"తేడా ఉంది. పిల్ల కోసమని మీతో ఊరికే అన్నాను. కారణం అది కాదు."

"మరేంటి?"

"మీకు చెప్పను. రేపు రాను. ఎల్లుండీ రాను. ఎవర్నైనా చూసుకోండి."

"చూసుకోవడానికి ఎవరున్నారే ఇక్కడ? హలో? ఎవడైనా వస్తే నేనొక్కణ్ణి ఈ వయసులో..."

"పెట్టేస్తున్నాను సర్."

"అయ్యో, పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యలో తెంపేస్తావా అమ్మాయ్?"

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. మమ్మల్నిద్దర్నీ కాసేపు వదిలెయ్యండి."

"వెళ్తున్నానులే. గేటు దగ్గర నిలబడతాను, వాడెటు నుంచి వస్తున్నాడో చూస్తాను. ఆ ప్లేటు మాత్రం మళ్ళీ వేడి చెయ్యాలి, చెప్తున్నాను."

"నానమ్మ వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"కారణం నేను కాదా?"

"కాదు."

"మరి ఇంతసేపూ నీ కోసమే నీ కోసమే అని నా నెత్తిన ఎందుకు పెట్టావు?"

"సంతోషిస్తావనుకున్నాను."

"సంతోషిస్తాననా, తలుపు తీస్తాననా?"

"రెండూ."

"ఛీ. పెద్దవాళ్ళు ఇంత తేలిగ్గా ఎలా అబద్ధాలాడతారో! సరే, ఏంటా కారణం?"

"ఏదో ఉందిలే. నువ్వు తినేసి పడుకో."

"నేను చెప్పనా, నాకెందుకు కోపమో? గౌను గురించి కాదు. పీటీ ప్యాంటు గురించీ కాదు. పీటీ రాణి అంటే మొదట నాకే నవ్వొచ్చింది."

"మరెందుకు?"

"నా మీదకి వంగి ఏమడిగావో గుర్తుందా?"

"ఉంది."

"'పేరేంటమ్మా నీ పేరు?' అన్నావు. నీ మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. కంగారు లేదు, కన్నీళ్ళు లేవు. రోడ్డు మీద పడున్నదాన్ని అడిగినట్టు అడిగావు. నేను 'అమ్మా' అన్నాను. ఏమన్నావో చెప్పు."

"వద్దు."

"'ఆఁ, అమ్మ వస్తుంది, అమ్మకి కబురు చేశాం, ముందు పేరు చెప్పు' అన్నావు."

"అది... అందర్నీ అలాగే అడుగుతాం. పేరు చెప్పగలిగితే గొంతులో గాలి ఆడుతోందని, తెలివి ఉందని అర్థం. అక్కణ్ణించే మొదలుపెడతాం. నోటికి అదే వచ్చేస్తుంది."

"అందరూ, నేనూ ఒకటేనా?"

"నిద్రలోంచి లేచాను. ఆ మొహానికి రంగులు, ఆ కిరీటం, ఆ జుట్టు..."

"నేను చెప్పాను పేరు. ఇంటిపేరుతో సహా చెప్పాను, అప్పుడైనా గుర్తుపడతావని. విన్నావా?"

"విన్నాను."

"విని?"

"తెలిసింది."

"ఏం తెలిసింది?"

"నువ్వేనని."

"అప్పటికి గౌను ఎంతవరకు కోశావు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నా దగ్గర వీడియో ఉంది. నేను చూసి చెప్పనా, నువ్వే చెప్తావా?"

"మెడ దగ్గర. కాలరు ఒక్కటే కోశాను."

"కాలరు ఒక్కటే. అంటే నేనని తెలిశాక నడుం దాకా కోశావు. నడుం నుంచి అంచు దాకా కోశావు. అప్పటికీ అది నెత్తురే అనుకున్నావా?"

"లేదు. నెత్తురికి వాసన ఉంటుంది. నీ దగ్గర రంగు వాసనే వచ్చింది."

"అంటే అదీ తెలిసింది."

"తెలిసింది."

"నాటకమని?"

"తెలిసింది. పక్కన అట్టకత్తి పడుంది, చూశాను."

"అన్నీ తెలిసి కోశావా?"

"చేతులాగలేదు. ఒకసారి మొదలుపెడితే అవి..."

"అబద్ధం."

"అలిసిపోయి ఉన్నాను, బుర్ర..."

"అదీ అబద్ధమే. అందరూ 'దెబ్బేం లేదండీ, లేవండి' అని అరుస్తున్నారు, నాన్న నీ భుజం పట్టుకుని లాగుతున్నాడు, నువ్వు ఆయన్ని తోసేసి కోశావు. అమ్మా, ఇదేనా ఆయనకి చెప్పనన్న కారణం?"

"ఇదే."

"ఎందుకు కోశావు?"

"దెబ్బ కోసం."

"లేదని తెలుసుగా!"

"తెలుసు. తెలిసే వెతికాను. ఎక్కడో ఒకచోట, చిన్నదైనా సరే, ఉంటే బావుండుననిపించింది. దెబ్బ తగిలిన పిల్లకి ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు తల్లీ. బాగున్న పిల్లకి ఏం చెయ్యాలో నాకు తెలీదు."